కొనేముందు కెమెరాని కోనసీమ ఎండలో నిలబెట్టండి

వీడియో కోసం కొత్త కెమెరా కొనాలనుకోగానే అందరూ చేసే మొదటి పని యూట్యూబ్‌లో పోలిక వీడియోలు చూడటం. చూడండి, తప్పేం లేదు. కానీ ఆ వీడియోల్లో మోడల్ చర్మం గులాబి రంగు, ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది, చెట్లేమో ఆకురాలు కాలానివి. మన దగ్గర పెళ్ళికొడుకు చామనఛాయ. ఒంటికి పసుపు, నడుముకి తెల్ల పట్టుపంచె. వెనక కొబ్బరితోట, దాని పక్కన అరటి, ఆ వెనక దాళ్వా వరి. రాత్రయితే మండపం నిండా నీలం, ఊదా ఎల్‌ఈడీలు. అక్కడ గెలిచిన కెమెరా ఇక్కడా గెలుస్తుందని రాసిచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

కాబట్టి పోలిక మీరే పెట్టుకోవాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళో, ప్రీవెడ్డింగ్ షూట్లో, షార్ట్ ఫిలిమ్‌లో తీస్తూ, ఇప్పుడిప్పుడే కలరింగ్ నేర్చుకుంటున్నవారి కోసం రాస్తున్నాను. రెండు మూడు బాడీలు తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోండి, లేదా ఒక రోజుకి అద్దెకి తీసుకోండి. లక్షలు పోసి కొనే వస్తువుకి ఒక రోజు అద్దె ఏపాటి ఖర్చు?

1. కాగితం మీదే సగం ఏరేయండి

కంపెనీ ఇచ్చే పట్టికలో వంద సంగతులుంటాయి. రంగులు దిద్దాలనుకునేవాళ్ళు ముందు చూడాల్సింది బిట్ సంగతి. 8-బిట్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు. 10-బిట్‌లో 1024. మూడూ కలిపితే మొదటిది 1.67 కోట్ల రంగులు, రెండోది 107 కోట్లు. మామూలుగా చూసేటప్పుడు తేడా తెలియదు. కలరింగ్‌లో ఆకాశాన్ని కాస్త లాగగానే 8-బిట్ ఫుటేజ్‌లో చారలు చారలుగా మెట్లు బయటపడతాయి.

దాని పక్కనే 4:2:0 అనో 4:2:2 అనో ఉంటుంది. వెలుతురు వివరం ప్రతి పిక్సెల్‌కీ రాసి, రంగు వివరం మాత్రం కెమెరా పొదుపు చేస్తుంది. 4:2:2లో రంగు సగం పిక్సెళ్ళకి, 4:2:0లో పావువంతు పిక్సెళ్ళకి. కొబ్బరాకు ఈనెల అంచుల దగ్గర, ఎర్ర చీర జరీ అంచు దగ్గర ఈ పొదుపు కనిపిస్తుంది. అయినా రెంటిలో ఒకటే దొరికితే 10-బిట్‌నే పట్టుకోండి, 4:2:2 ఆ తర్వాత.

మూడోది లాగ్. సోనీ ఎస్-లాగ్3, పానాసోనిక్ వి-లాగ్, కానన్ సి-లాగ్3, నికాన్ ఎన్-లాగ్, ఫూజీ ఎఫ్-లాగ్2: పేర్లు వేరైనా పని ఒక్కటే. ఎండకీ నీడకీ మధ్య ఉన్న వివరమంతా ఫైల్లో ఇరికించడం కోసం బొమ్మని చప్పగా, బూడిద రంగులో తీస్తాయి. లాగ్ ఫుటేజ్ తాలింపు పెట్టని పప్పులాంటిది. అలాగే వడ్డిస్తే ఎవరూ మెచ్చరు, తాలింపు మీ చేతిలో ఉంటుందనేదే దాని సుఖం.

ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. సోనీ ఏ6400, ఏ7 III, మొదటి జడ్‌వి-ఇ10లలో కూడా ఎస్-లాగ్3 ఉంది. కానీ ఆ మూడూ 8-బిట్ కెమెరాలు. ఉన్న 256 మెట్లలోనే అంత పెద్ద వెలుతురుని సర్దితే చర్మానికి మిగిలే మెట్లు కొద్ది. దిద్దగానే ముఖం మీద మచ్చలు తేలతాయి. ఇప్పటికే ఆ కెమెరా ఉన్నవాళ్ళు లాగ్ జోలికి పోకుండా సినీ2, సినీ4 లాంటి ప్రొఫైళ్ళలో, వెలుతురు, వైట్ బ్యాలెన్స్ సరిగ్గా పెట్టుకుని తీయడం మేలు. "లాగ్ అయితే సినిమా లుక్ వస్తుంది" అని ఎవరన్నా అంటే అది ఎన్ని బిట్లదో అడగండి.

10-బిట్ కోసం కొత్తదే కొనక్కర్లేదు. పానాసోనిక్ జీహెచ్5 2017లోనే లోపలి కార్డు మీద 10-బిట్ 4:2:2 రాసింది. దాని ఆటోఫోకస్ మీద నమ్మకం పెట్టుకుని తలంబ్రాలు తీయకూడదు, అంతే. ఫూజీ ఎక్స్-టీ3 2018లో 10-బిట్ ఇచ్చింది. సోనీలో ఏ7ఎస్ III (2020), ఏ7 IV (2021), ఎఫ్ఎక్స్30 (2022), ఏ6700 (2023), కానన్‌లో ఆర్6 మార్క్ II (2022), ఆర్8 (2023), పానాసోనిక్ ఎస్5 II (2023), నికాన్ జడ్6 III (2024), ఫూజీ ఎక్స్-ఎస్20 (2023). ఇవన్నీ లోపలే 10-బిట్ రాస్తాయి. సెకండ్‌హ్యాండ్‌లో వీటిలో ఏదో ఒకటి మీ బడ్జెట్‌కి అందొచ్చు.

నాలుగోది క్రాప్. స్లో మోషన్ కోసం 4కె 60 పెట్టగానే కొన్ని బాడీలు సెన్సర్ మధ్యభాగాన్నే వాడతాయి. ఏ7 IV, ఎస్5 II ఈ కోవలోవి. ఆర్6 మార్క్ II, జడ్6 III మొత్తం వెడల్పూ వాడతాయి. ఇరుకు పెళ్ళి మండపంలో వెనక్కి జరగడానికి చోటు లేనప్పుడు ఈ తేడా ఏంటో అర్థమవుతుంది. కాగితం మీద ఈ నాలుగూ చూసి రెండు మూడు బాడీలకి కుదించండి. కంపెనీ రాసే "14 స్టాప్‌లు, 15 స్టాప్‌లు" లెక్కని మాత్రం ఇప్పుడే నమ్మొద్దు, దాన్ని మనమే కొలుద్దాం.

2. కెమెరా తప్ప మిగతావన్నీ ఒకేలా ఉంచండి

పోలిక అంటే ఒక్కదాన్ని మార్చి మిగతావి కదలకుండా పట్టుకోవడం. ఒక బాడీకి ఖరీదైన లెన్సు, ఇంకోదానికి కిట్ లెన్సు తగిలించి "దీని రంగులు బావున్నాయి" అంటే మీరు మెచ్చుకుంది లెన్సునే.

మౌంట్లు వేరు కదా, ఒకే లెన్సు ఎలా? స్టూడియో అలమరలో పాత ఫిల్మ్ రోజుల నికాన్ 50 ఎంఎం లెన్సు మూలపడి ఉంటే తీయండి. అపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్సు సాదా అడాప్టర్‌తో సోనీ, కానన్, పానాసోనిక్, ఫూజీ, నికాన్ మిర్రర్‌లెస్ బాడీలన్నిటికీ ఎక్కుతుంది. సెన్సర్ చిన్నదైతే దృశ్యం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి ఆ కెమెరాని వెనక్కి జరపండి, లేదా అదే కాలపు 35 ఎంఎం లెన్సు వాడండి.

మెనూలో చేయాల్సిన పని: ఫ్రేమ్ రేటు 25, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్యూబ్‌లైటు మిణుకు రాకుండా ఈ జోడీ కాపాడుతుంది. కొన్ని కెమెరాల్లో 25 కనిపించాలంటే ముందు మెనూలో పాల్ ఎంచుకోవాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచొద్దు, పగటికి 5600 కెల్విన్ అని గట్టిగా పెట్టేయండి. సోనీలో డీఆర్ఓ, కానన్‌లో ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, నికాన్‌లో యాక్టివ్ డి-లైటింగ్ లాంటివి తమంతట తాము నీడల్ని తెల్లబరుస్తాయి, ఆపేయండి. షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ వీలైనంత కిందికి దించండి.

ఐఎస్ఓ అంకె ఒకటే పెడితే వెలుతురు ఒకటే అయిపోదు. రెండు కంపెనీల 800 సమానంగా ఉండాలని లేదు. అందుకని 18 శాతం గ్రే కార్డు ఒకటి కొనండి. ముఖం దగ్గర ముఖం మీద పడే వెలుతురే పడేలా పట్టుకుని వేవ్‌ఫామ్ చూడండి. ఎస్-లాగ్3లో గ్రే కార్డు 41 దగ్గర, వి-లాగ్‌లో 42 దగ్గర నిలవాలి. కెమెరాలో వేవ్‌ఫామ్ లేకపోతే జీబ్రాని ఆ అంకె దగ్గర పెట్టి కార్డు మీద చారలు రావడం చూసుకోండి.

ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా పగటి పరీక్షకి బయల్దేరకండి. నడిఎండలో ఐఎస్ఓ 800, షట్టర్ 1/50 దగ్గర లెన్సుని ఎఫ్8కి మూసినా ఇంకా ఆరు స్టాప్‌ల వెలుతురు ఎక్కువే ఉంటుంది. అంటే ఎన్‌డీ64. వెనక మసకబారాలని ఎఫ్2.8 కి తెరిస్తే ఇంకో మూడు స్టాప్‌లు. చవకరకం వేరియబుల్ ఎన్‌డీ తన రంగు తాను పూస్తుంది కాబట్టి ఉన్న ఒక్క ఫిల్టర్‌నే మార్చి మార్చి అన్ని కెమెరాలకీ పెట్టండి.

3. ఏం తీయాలి, ఎక్కడ తీయాలి

పనంతా ఇక్కడే ఉంది. పరీక్షకి స్టూడియో అక్కర్లేదు, మన సీమే చాలు.

మొదటిది ముఖం, పచ్చదనం కలిసిన షాట్. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య కొబ్బరితోట అంచున, పొలంగట్టు మీద ఇద్దరు ముగ్గుర్ని నిలబెట్టండి. ఒకరు బాగా నల్లనివారు, ఒకరు చామనఛాయ, ఒకరు ఎర్రగా ఉన్నవారైతే మంచిది. పక్కన గ్రే కార్డు. వెనక ఫ్రేములో కొబ్బరి, అరటి, వరి మూడూ పడేలా చూసుకోండి. వరిది పసుపు కలిసిన పచ్చ. అరటాకు మీద ఎండ వెనకనుంచి పడితే దీపంలా వెలిగే లేతపచ్చ. కొబ్బరాకుది నీలం వైపు మొగ్గే ముదురుపచ్చ. మంచి కెమెరా ఈ మూడిట్నీ మూడుగా చూపిస్తుంది. కొన్ని కెమెరాల మామూలు ప్రొఫైల్‌లో మూడూ కలిసి ఒకే పెయింటు డబ్బాలో ముంచి తీసినట్టుంటాయి. ఆ ముద్ద కెమెరా వండిన వంటా, సెన్సర్ లోపమా అన్నది లాగ్‌లో తీసినదాన్ని దిద్దేటప్పుడు తేలుతుంది. అందుకే ప్రతి షాట్ రెండుసార్లు: ఒకసారి స్టాండర్డ్‌లో, ఒకసారి లాగ్‌లో.

తర్వాత అదే మనుషుల్ని తోట లోపలికి తీసుకెళ్ళండి. ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చే వెలుతురు ముఖానికి ఆకుపచ్చ పూస్తుంది. కంటికి అలవాటైపోయి మనకి తెలియదు, సెన్సర్ మాత్రం నిజం చెప్పేస్తుంది. ఈ జబ్బుని ఏ కెమెరా తక్కువ శ్రమతో కుదర్చనిస్తుందో చూడటానికి ఈ షాట్. గ్రే కార్డుతో వైట్ బ్యాలెన్స్ తీసుకుంటే ముఖం బాగుపడుతుంది గానీ తోట బయట కనిపించే ఆకాశం, రోడ్డు ఊదాగా మారతాయి. అసలు పెళ్ళిలో దీనికి మందు కెమెరాలో కన్నా చేతిలో ఉంటుంది: మనిషిని తోట అంచుకి జరిపి, తెల్ల థర్మోకోల్ షీటుతో ముఖం మీదికి వెలుతురు కొట్టించడం.

పన్నెండు గంటలకి తెలుపు పరీక్ష. తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్న మనిషిని ఎండలో, నల్ల కుక్కనో ముదురు రంగు చీర కట్టుకున్నవారినో నీడలో ఉంచండి. గ్రే కార్డుతో సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసిన షాట్ ఒకటి. తర్వాత ఒక్కో స్టాప్ చొప్పున నాలుగు స్టాప్‌లు ఎక్కువ దాకా, మూడు స్టాప్‌లు తక్కువ దాకా తీయండి. పంచె మడతలు ఏ షాట్‌లో మాయమై సున్నం గోడ అయ్యాయో, నీడలోని చీర ఏ షాట్‌లో రంగురంగుల ఇసుకగా మారిందో, ఈ రెంటి మధ్య ఉన్న దూరమే మీకు పనికొచ్చే డైనమిక్ రేంజ్. కంపెనీ రాసిన అంకె కాదు.

ఇవన్నీ ఒకే ఫ్రేములో కావాలంటే కనుమ నాడు జగ్గన్నతోట ఉండనే ఉంది. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర ఏకాదశ రుద్రులు కలిసే ఆ తీర్థంలో ఎర్రటి, పసుపుపచ్చటి బట్టలు చుట్టిన ప్రభలు, మిట్టమధ్యాహ్నపు ఎండ, తెల్లచొక్కాల జనం, కాళ్ళకింద పచ్చటి పొలం అన్నీ ఒకేసారి దొరుకుతాయి. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ఎర్ర బట్ట మీద మడతలు కనపడుతున్నాయా, లేక ఒకే ఎర్ర ముద్దగా ఉందా అన్నది చూడండి. ఎరుపు ఛానల్ ముందుగా నిండిపోవడం చాలా కెమెరాల్లో ఉన్న గుణమే, అందుకే ఒక్క వెలుతురు వేవ్‌ఫామ్‌నే కాక మూడు రంగుల పరేడ్‌నీ చూడాలి. ప్రభలు మోసే దారిలో ట్రైపాడ్ వేయకండి గానీ.

నీళ్ళ పరీక్షకి ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులకి వెళ్ళండి. లాకుల కింద నురగలు కక్కే నీరు ప్రతి ఫ్రేములోనూ మారిపోతుంది కాబట్టి ఫైల్ కుదింపు ఎంత గట్టిదో అక్కడ తేలిపోతుంది. బిట్‌రేట్ చాలని చోట నురగ చిన్న చిన్న గళ్ళుగా విరిగి కనిపిస్తుంది. గాలికి ఊగే కొబ్బరాకులదీ ఇదే కథ.

వచ్చేదారిలో కాలవగట్టు రోడ్డు మీద ఆటోలో కూర్చుని పక్కకి కెమెరా పట్టండి. నిటారు కొబ్బరి మాన్లు వరసగా వెళ్ళిపోతుంటాయి. సెన్సర్ పైనుంచి కిందికి నెమ్మదిగా చదివే కెమెరాలో అవన్నీ తాగినట్టు ఒక పక్కకి వాలతాయి. దీన్ని ఏ కలరింగూ పూర్తిగా బాగుచేయలేదు. చేత్తో పట్టుకుని ఊరేగింపులు తీసేవాళ్ళు ఈ షాట్‌కి ఎక్కువ మార్కులేసుకోండి.

బండారులంకలో నేసే చీరల్లో సన్నగళ్ళది ఒకటి తీసుకుని రెండు మూడు దూరాల నుంచి తీస్తే నేతమీద ఇంద్రధనుస్సు అలలు వస్తాయా లేదా తెలుస్తుంది. తెల్లవారుజామున ఓడలరేవులోనో అంతర్వేదిలోనో సముద్రం మీద సూర్యోదయం తీయండి. నారింజ నుంచి నీలానికి మెల్లగా మారే ఆకాశం 8-బిట్, 10-బిట్ తేడాకి అసలైన సాక్ష్యం.

ఇక రాత్రి. మన ముహూర్తాలు ఏ అర్ధరాత్రో, తెల్లవారుజామునో పడతాయి. మండపం వేసేవాళ్ళని బతిమాలి ఒక సాయంత్రం లైట్లు వెలిగించినప్పుడు వెళ్ళండి. ఐఎస్ఓ 1600 నుంచి 12800 దాకా ఒక్కో మెట్టూ తీయండి. ఇక్కడొక కిటుకు. చాలా కెమెరాలకి ఇప్పుడు రెండు బేస్ ఐఎస్ఓలు ఉన్నాయి. ఎస్5 IIలో వి-లాగ్‌కి 640, 4000. ఎఫ్ఎక్స్30లో 800, 2500. సోనీ ఎఫ్ఎక్స్3లో 800, 12800. రెండో బేస్ దగ్గరికి రాగానే నాయిస్ ఒక్కసారిగా తగ్గుతుంది. కాబట్టి ఎస్5 IIలో 3200 కన్నా 4000 శుభ్రంగా ఉంటుంది. ఇది తెలియక 3200 దగ్గరే ఆగిపోయి "రాత్రిపూట ఈ కెమెరా దండగ" అనేవాళ్ళున్నారు.

నీలం ఎల్‌ఈడీ పడిన ముఖాన్ని ప్రత్యేకంగా తీయండి. నీలం, ఊదా వెలుతురు ఫైల్లో హద్దు దాటి మెడ మీద, బుగ్గ మీద రేకు ముక్కలు అతికించినట్టు మొండి మరకలవుతుంది. దీన్ని మెత్తగా సర్దుకునే కెమెరా పెళ్ళిళ్ళవాళ్ళకి బంగారం. చవక ఎల్‌ఈడీ తెరలు 1/50లో కూడా చారలు చూపిస్తే 1/100 పెట్టి చూడండి.

ఎండాకాలంలో అయితే ఇంకొకటి. కెమెరాని గొడుగు కింద ట్రైపాడ్ మీద పెట్టి 4కె రికార్డింగ్ నొక్కి వదిలేయండి. కోనసీమ ఉక్కలో ఏది ఎంతసేపటికి వేడెక్కి ఆగిపోతుందో రాసుకోండి. ఫ్యాన్ ఉన్న బాడీలకీ లేనివాటికీ తేడా ఇక్కడే. మాంగల్యధారణ మధ్యలో తెర మీద థర్మామీటర్ బొమ్మ వస్తే పురోహితుడు ఆగడు.

4. పేర్లు చెరిపేయండి

ఇంటికొచ్చాక ఫైళ్ళన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంకొకరి చేత వాటి పేర్లు అ, ఆ, ఇ అని మార్పించండి. ఏది ఏ కెమెరాదో వాళ్ళ దగ్గర చీటీ మీద ఉండాలి, మీకు తెలియకూడదు. లాగ్ ఫైళ్ళ సంగతికొచ్చేసరికి ఏ లాగ్ అన్నది కలరింగ్‌లో తెలియక తప్పదు గానీ, దిద్దాక మళ్ళీ పేర్లు కలిపి చూసుకోవచ్చు. కొనాలని మనసులో ముందే అనుకున్న కెమెరా రంగులు మన కంటికి ఎప్పుడూ బాగానే కనిపిస్తాయి. అందుకే ఈ జాగ్రత్త.

5. రంగు దిద్దడం

డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో మీ 10-బిట్ ఫైళ్ళు తెరుచుకుంటే ఈ పనికి అదే సరిపోతుంది. నాయిస్ తగ్గించే పనిముట్టు డబ్బులిచ్చి కొనే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది, పోలికలో దాన్ని ఎలాగూ వాడకూడదు. హెచ్.265 ఫైళ్ళు పాత కంప్యూటర్‌ని ముప్పుతిప్పలు పెడతాయి కాబట్టి ముందే ప్రాక్సీలు చేయించుకోండి. టైమ్‌లైన్ 25 ఫ్రేములు.

కొత్తవాళ్ళు సాధారణంగా చేసేది ఇంటర్‌నెట్‌లో దొరికిన "సినిమాటిక్ లట్" తెచ్చి అన్నిటిమీదా పడేయడం. ఎస్-లాగ్ కోసం చేసిన లట్‌ని వి-లాగ్ మీద వేస్తే వచ్చే రంగులకి ఆ కెమెరా ఏ పాపం ఎరగదు. దాని బదులు కలర్ పేజీలో మూడు నోడ్లు వేయండి. మొదటి నోడ్ మీద కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ పెట్టి, లోపలికి వచ్చేదాని దగ్గర ఆ కెమెరా సొంత రంగు, గామా చెప్పండి: సోనీకి ఎస్-గామట్3.సినీ, ఎస్-లాగ్3. పానాసోనిక్‌కి వి-గామట్, వి-లాగ్. కానన్‌కి మీరు మెనూలో ఎంచుకున్న గామట్, సి-లాగ్3. బయటికి వెళ్ళేదాని దగ్గర డావిన్సీ వైడ్ గామట్, డావిన్సీ ఇంటర్మీడియట్. చివరి నోడ్ మీద ఇంకో ట్రాన్స్‌ఫార్మ్: అక్కడినుంచి రెక్.709, గామా 2.4. దిద్దేదంతా మధ్య నోడ్‌లో. ఈ పద్ధతిలో కంపెనీలు వేసుకున్న వేషాలు తీసేసి అన్ని కెమెరాల్నీ ఒకే నేల మీద నిలబెట్టినట్టవుతుంది.

మధ్య నోడ్‌లో ముందు గ్రే కార్డు చూడండి. పరేడ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కార్డు దగ్గర ఒకే ఎత్తుకి రావాలి. రాకపోతే టెంపరేచర్, టింట్‌తో తెండి. తర్వాత ఎత్తు: అన్ని కెమెరాల కార్డూ ఒకే చోట. ఆ పైన కాంట్రాస్ట్, శాచురేషన్ అన్నిటికీ ఒకే అంకె. ఇంతకంటే ఎక్కువ ఇప్పుడు చేయొద్దు. ఈ దశలో షాట్లు పక్కపక్కన పెట్టి చూస్తే, యూట్యూబ్‌లో జనం కొట్టుకునే "సోనీ పచ్చ, కానన్ ఎరుపు" గొడవ చాలావరకు మాయమైపోవడం మీ కళ్ళతో మీరే చూస్తారు. అవి ఎక్కువగా స్టాండర్డ్ ప్రొఫైళ్ళ గొడవలు. అయితే స్టాండర్డ్‌లో తీసి ఆ సాయంత్రమే ఇచ్చేయాల్సిన పనులు చేసేవాళ్ళకి ఆ గొడవ నిజమైన గొడవే, వాళ్ళు స్టాండర్డ్ షాట్లకే ఎక్కువ విలువివ్వాలి.

తర్వాత చర్మం. వెక్టర్‌స్కోప్‌లో స్కిన్ టోన్ గీత వేసుకుని, ముఖం మీద చిన్న కిటికీ గీసి ఆ భాగాన్నే చూడండి. నలుపైనా తెలుపైనా మనుషుల చర్మం ఆ గీతకి దగ్గర్లోనే పడుతుంది, తేడా గీత మీద ఎంత దూరం, ఎంత వెలుతురు అన్నదే. ముగ్గురిలో ఒకరు గీత మీద ఉండి మిగతావారు పక్కకి జరిగిపోతే ఆ కెమెరాతో పెళ్ళి ఆల్బం నిండా ఒక్కొక్కరినీ విడిగా దిద్దుకోవాల్సి వస్తుంది. పసుపు పూసిన ముఖాన్ని మాత్రం ఈ గీతతో కొలవకండి, అది పసుపుగానే ఉండాలి. నలుగు షాట్‌ని "సరిచేసి" పసుపు కడిగేసిన వీడియోలు ఊళ్ళో చాలానే తిరుగుతున్నాయి.

ఇక సాగదీత. పచ్చదనం మీద హ్యూ వర్సెస్ హ్యూ గీతని పట్టుకుని పసుపు వైపు లాగండి, తర్వాత నీలం వైపు. ఏ కెమెరాలో ఆకులు ముక్కలు ముక్కలుగా విడిపోతున్నాయో, దేనిలో అన్నీ కలిసి సాఫీగా జరుగుతున్నాయో చూడండి. సూర్యోదయపు ఆకాశానికి శాచురేషన్ బాగా పెంచి చారలు వెతకండి. మూడు స్టాప్‌లు తక్కువగా తీసిన షాట్‌ని పైకి లేపి నీడల్లో ఊదానో ఆకుపచ్చో తేలుతోందేమో చూడండి. బూడిద రంగు నాయిస్ పర్వాలేదు, రంగు నాయిస్ అయితే చికాకు. నచ్చినట్టు దిద్దుకున్నాక ఆ గ్రేడ్‌ని స్టిల్‌గా దాచుకోండి, కెమెరా కొన్నాక మొదటి పెళ్ళికి అదే ప్రారంభం.

6. చూసేవాళ్ళు చూసే చోట చూడండి

మీ మానిటర్ నిజం చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. పెళ్ళివారు చూసేది ఫోన్‌లో, ఇంట్లో టీవీలో, ఫంక్షన్ హాల్లో అయితే ఎల్‌ఈడీ గోడ మీద. చిన్న క్లిప్ ఎక్స్‌పోర్ట్ చేసి రెండు రకాల ఫోన్లలో, రంగులన్నీ వివిడ్‌లో పెట్టి ఉన్న మామూలు టీవీలో చూడండి. వాట్సాప్‌లో పంపి మళ్ళీ తెరవండి. నీడలోని నాయిస్ అక్కడ బురదగా మారుతుంది, ఎండలో సున్నమైన పంచె ఎక్కడైనా సున్నంగానే ఉంటుంది. పెద్దవాళ్ళకి చూపించి ఏది బావుందో అడగండి. "ఇందులో మా అమ్మాయి చక్కగా ఉందండి" అన్నదాన్ని రాసుకోండి, కారణం అడక్కండి.

7. ఇప్పుడు చీటీ విప్పండి

నా అనుభవంలో ఇలా పేర్లు దాచి చూసినప్పుడు 2021 తర్వాతి 10-బిట్ బాడీల మధ్య రంగు తేడా చాలామంది ఊహించినంత ఉండదు. ఉన్న తేడాలు రాత్రి నాయిస్‌లో, పంచె మడతల్లో, వాలిన కొబ్బరిచెట్లలో, ఎండకి ఆగిపోవడంలో ఉంటాయి. కాబట్టి మీ పనిలో ఎక్కువగా వచ్చేది ఏదో దానికే ఎక్కువ మార్కులు. రాత్రి ముహూర్తాలే ఎక్కువైతే నాయిస్. దిండిలో గోదారి ఒడ్డున ప్రీవెడ్డింగ్ షూట్లయితే తెలుపు, పచ్చ.

గారెత్ ఎడ్వర్డ్స్ 2023లో 'ది క్రియేటర్' సినిమాని ప్రధానంగా సోనీ ఎఫ్ఎక్స్3 మీద తీశాడు. అది వినగానే ఎఫ్ఎక్స్3 కొనేయాలనిపిస్తుంది. ఆ సినిమా వెనక ఉన్న లెన్సులు, ఛాయాగ్రాహకులు, కలరిస్టులు, గ్రాఫిక్స్ బాడీతో పాటు డబ్బాలో రావు. బడ్జెట్‌లో బాడీకి సగం మించి పెట్టకండి. మిగతాది ఒక మంచి లెన్సు, నమ్మకమైన ఎన్‌డీ, ముఖానికి ఒక మెత్తని ఎల్‌ఈడీ లైటుకి పోనివ్వండి. గాలిలో తేమకి లెన్సుల్లో బూజు పట్టకుండా సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బా కూడా ఆ లెక్కలోనే.

ఇద్దరు ముగ్గురు కలిసి పెళ్ళిళ్ళు తీసే జట్టయితే మార్కులన్నీ పక్కన పెట్టి ఇంకో మాట ఆలోచించండి. రెండు వేర్వేరు కంపెనీల గొప్ప కెమెరాల కన్నా ఒకే కంపెనీవి, ఒకే లాగ్ తీసేవి రెండు మామూలు కెమెరాలు మేలు. తలంబ్రాల దృశ్యంలో ఎదురెదురు కోణాల నుంచి తీసిన షాట్లు ఒకే గ్రేడ్‌తో కలిసిపోతే ఎడిటింగ్‌లో రాత్రుళ్ళు మిగులుతాయి. లెన్సులు, బ్యాటరీలు కూడా ఒకరివొకరికి పనికొస్తాయి.

పరీక్షలో రెండు కెమెరాలు సమానంగా వస్తే మీ ఊళ్ళో ఎవరి దగ్గర ఆ మౌంట్ లెన్సులు ఉన్నాయో, సర్వీసింగ్‌కి ఎంత దూరం పోవాలో చూసి తేల్చేయండి. అద్దె బాడీ తిరిగి ఇచ్చేముందు అందులోని మీ కార్డు తీశారో లేదో ఒకసారి చూసుకోండి. పిక్చర్ ప్రొఫైల్‌ని కూడా స్టాండర్డ్‌కి మార్చి ఇవ్వండి. లేకపోతే రేపు దాన్ని తీసుకునేవాళ్ళు ఎవరిదో బారసాల మొత్తం బూడిద రంగులో తీసుకొచ్చి మీకే ఫోన్ చేస్తారు.